ముందున్నోళ్ళు ఎందుకు ఖాళీ చేసినారు?

23 ఇండ్లు చూసినాం. ఈ లెక్క నాది కాదు, మా ఆయనది. ట్రాక్టర్ షోరూంలో అకౌంట్స్ చూస్తాడు కాబట్టి ఏదైనా సరే నోట్‌బుక్కులో గీతలు కొట్టి రాసుకుంటే గానీ ఆయనకి నిద్ర పట్టదు. ఏ వీధి, ఎన్నో మిద్దె, బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎంత, వాకిలి ఏ దిక్కు, బండి పెట్టుకోనీకి చోటుందా లేదా, అన్నీ రాసినాడు. ఆరు వారాలు కర్నూలు టౌనంతా స్కూటీ మీద తిరిగినాం. ఆదివారం పొద్దున ఒక విడత, మామూలు రోజుల్లో షోరూం మూసినాక సాయంత్రం ఇంకో విడత. జూన్ ఎండకి నా చెప్పుల అచ్చు కాళ్ళ మీద పడింది, అది ఇంకా పోలేదు. ఇంత రాసిన ఆ నోట్‌బుక్కులో ఒక్క గడి మాత్రం లేదు, అది లేదని మాకు తెలియడానికే 14 ఇండ్లు పట్టింది. ముందున్నోళ్ళు ఎందుకు ఖాళీ చేసినారు అనే గడి.

అసలు మేం ఎందుకు మారాల్సి వచ్చిందంటే, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర మూడేండ్ల నుంచి ఉన్న ఇంటి ఓనరు మే నెలాఖరులో ఒకరోజు మెట్ల దగ్గర నిలబెట్టి, "మా చిన్నోడు బెంగళూరు నుంచి వచ్చేస్తాండాడమ్మా, పిల్లోళ్ళని ఈడే స్కూల్లో వేస్తాడంట, ఒక రెండు నెలల్లో చూసుకోండి" అన్నాడు. కొడుకు వస్తానంటే ఎవరు మాత్రం కాదంటారు, సరే సార్ అన్నాం. రెండు నెలలంటే లెక్క సరిగ్గా ఆషాఢంలో పడుతుంది, శూన్యమాసంలో ఇల్లు మారేది లేదని మా అత్త అక్కడ ఊర్లో నుంచే ఫోన్లో తేల్చేసింది. అదే మాట భయం భయంగా ఓనర్‌తో చెబితే ఆయన కూడా "అవునవును, ఆషాఢంలో వద్దు, శ్రావణం రానీ" అన్నాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఓనర్లూ బాడుగోళ్ళూ ఒకటే పార్టీ.

మా బడ్జెట్ 9,000, లాగితే 9,500. డబల్ బెడ్రూం కావాలి, ఎందుకంటే మా అత్త మోకాళ్ళ నొప్పికి చూపించుకోవడానికి నెలకోసారి వస్తుంది, వస్తే వారం ఉంటుంది. నేను డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్ని, ఫాస్టింగ్ శాంపిల్స్ వాళ్ళు ఆరింటికే వచ్చి కూర్చుంటారు కాబట్టి ఐదున్నరకి ఇంట్లోంచి బయలుదేరాలి. అందుకని మరీ దూరం వద్దు. వెంకటరమణ కాలనీలో మొదలుపెట్టి, అక్కడ రేట్లు చూసి నీళ్ళు తాగి, అశోక్ నగర్, కృష్ణానగర్, కల్లూరు వైపు, బళ్ళారి చౌరస్తా వెనకాల, బిర్లా గేట్ దగ్గర, సి.క్యాంపు పక్క వీధులు, ఆఖరికి పాతబస్తీ కూడా తిరిగినాం. లిఫ్ట్ ఉన్న అపార్ట్‌మెంట్ అంటే బాడుగ ఒక లెక్క, మెయింటెనెన్స్ ఇంకో లెక్క. ఇండిపెండెంట్ ఇంటి పై మిద్దె అయితే బాడుగ తక్కువ గానీ కింద ఓనరుంటాడు. ఓనరు కింద ఉండటం మంచిదా చెడ్డదా అనేది మా ఇద్దరి మధ్య ఇప్పటికీ తెగని పంచాయితీ.

ఇంక ఆ ఇంటర్వ్యూలు. నా ల్యాబ్ ఉద్యోగానికి కూడా ఇన్ని ప్రశ్నలు అడగలేదప్పా. గేటు తీయకముందే "ఎంతమంది?" అంటారు. ఇద్దరమే అంటే "పిల్లలు?" లేరు అంటే "పెండ్లయి ఎన్నేండ్లు?" నాలుగు అంటే ఆ ఇంటామె నా మొహం ఒకసారి, కడుపు ఒకసారి చూసి ఏం అనకుండా ఉంటుంది, ఏదో ఒకటి అన్నా బాగుండు. తర్వాత "ఏం పని చేస్తారు?" పొద్దున ఐదున్నరకే పోతానంటే "గేటు ఎవరు తీస్తారు మళ్ళా?" అని ఒకాయన. "నీసు వండుతారా?" అని ఒకామె, ఆమె ఇంట్లో నుంచే కోడికూర వాసన వస్తాంది, అడిగితే "మేం వండుకుంటాం గానీ బాడుగోళ్ళు వండితే వాసన పడదు" అనింది, దానికేం చెప్తాం. ఇక ఆ పెద్ద ప్రశ్న. కొందరు "మీరెవురమ్మా?" అని సూటిగా అడుగుతారు. కొందరు "మీ సొంతూరు యాడ? ఆ ఊర్లో ఫలానా వాళ్ళు తెలుసా?" అని చుట్టూ తిరిగొస్తారు. ఇంకొందరు మా ఆయన ఇంటిపేరు అడిగి ఊరుకుంటారు, వాళ్ళకి అదే చాలు. మేం ఎవరమో ఈడ రాయను. రాస్తే చదివేవాళ్ళు కూడా మిగతాదంతా దాని లెక్కన చదువుతారు, నాకు తెలుసు.

ఒకాయన మాత్రం కులం గోత్రం ఏదీ అడగలేదు, మేం ఆశ్చర్యపోయినాం. బాడుగ 9,000 అన్నాడు, సరే అన్నాం. అప్పుడు మెల్లగా "అగ్రిమెంటులో 8,300 రాసుకుందాం, మిగిలిన 700 చేతికియ్యండి" అన్నాడు. మా ఆయన బయటికొచ్చినాక స్కూటీ మీద ఆ లెక్క విప్పి చెప్పినాడు. 9,000 అయితే ఏడాదికి 1,08,000. బాడుగ ఏడాదికి లక్ష దాటితే హెచ్.ఆర్.ఏ., అంటే జీతంలో వచ్చే ఇంటద్దె భత్యం, చూపించుకుని ట్యాక్స్ తగ్గించుకునే ఉద్యోగి ఆఫీసులో ఓనర్ పాన్ నంబరు ఇవ్వాలి, అట్లయితే ఆ బాడుగ ట్యాక్సోళ్ళ కంట్లో పడుతుంది. 8,300 అయితే 99,600, లక్షకి 400 తక్కువ. మా ఆయన జీతానికి ట్యాక్సే రాదు, పాన్ నంబరుతో మాకేం పని, కానీ ఆ పెద్దమనిషి ముందుజాగ్రత్త చూసి మా ఆయన అకౌంటెంట్ మనసు మురిసిపోయింది. ఆ ఇల్లే తీసుకుందామన్నాడు కూడా.

ఇంతసేపూ మేం వాళ్ళని ఏం అడిగినాం? బాడుగ ఎంత, అడ్వాన్స్ ఎంత, ఎప్పుడు చేరొచ్చు. మూడే. వాళ్ళు మా ఇంటిపేరు నుంచి వంటింటి దాకా అడిగి కనుక్కుంటే, నెలకి 9,000 లెక్కన ఏడాదికి లక్ష పైన పోసే మేము మాత్రం గోడలకి కొత్త పెయింటు చూసి "బాగుంది సార్" అని వచ్చేస్తాండాం. వంకాయలు కొంటే ఒక్కొక్కటి తిప్పి తిప్పి పుచ్చు చూస్తాం, ఇల్లు మాత్రం ఓనర్ మొహం చూసి తీసుకుంటాం. మా అమ్మని అడిగితే "ఎక్కువ అడిగితే రాగానే గొడవ పెట్టుకునేటట్లుంది ఈ పిల్ల అనుకుంటారే, ఇల్లియ్యరు" అనింది. మా అమ్మ నాయన 19 ఏండ్లు బాడుగిండ్లల్లో ఉన్నోళ్ళు, ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఆ భయం వల్లే ప్రతి ఇంటి లోపం ప్రతి కొత్త కుటుంబం మళ్ళా మొదటినుంచి, తమ డబ్బులు పోసి నేర్చుకోవాల్సి వస్తాంది అనేది నా వాదన. ఇంటి గురించి నిజం తెలిసినోళ్ళు ఊర్లో ఒక్కరే ఉంటారు, దాన్ని ఖాళీ చేసి పోయినోళ్ళు. వాళ్ళని మాత్రం ఎవ్వరం అడగం.

ఈ తెలివి నాకు పుట్టుకతో రాలేదు, 14వ ఇంటి దగ్గర ఇస్త్రీ బండాయన పెట్టిన భిక్ష. సి.క్యాంపు పక్కన ఒక వీధిలో రెండో అంతస్తు, 9,500, అడ్వాన్స్ మూడు నెలలు అంటే 28,500. ఇల్లు ఎంత బాగుందంటే నేను లోపలికి పోగానే ఫ్రిజ్ యాడ పెట్టాలో, అత్త మంచం యాడ వేయాలో అనుకునేసినా. క్రీం కలర్ పెయింటు, ఇంకా వాసన కూడా పోలేదు. ఓనర్ కిందనే, మర్యాదస్తుడు, మజ్జిగ ఇచ్చినాడు. టోకెన్ 2,000 ఇద్దామని ఫోన్ పే తెరిస్తే సిగ్నల్ లేదు, సరే అని వీధి చివరికి వచ్చినాం. అక్కడ వేపచెట్టు కింద ఇస్త్రీ బండి. ఆయన మమ్మల్ని చూసి, "ఆ మిద్దెకేనామ్మా? మంచిల్లే. రెండేండ్లల్లో మూడో సంసారం మీరు" అన్నాడు. అని మళ్ళా పెట్టెలో బొగ్గులు కదిలించుకుంటాండాడు. మూడో సంసారం ఏందన్నా అంటే ఏం చెప్పలేదు, "నాకేం తెలుసమ్మా, నేను బట్టలు తేవడానికి మెట్లదాకా పోతాను, అంతే" అన్నాడు. కానీ మొన్న పోయినోళ్ళ బట్టలు ఇప్పటికీ ఆయన దగ్గరికే వస్తాయంట, నంబరుంది. ఆ నంబరు ఇచ్చేముందు వాళ్ళకి ఫోన్ చేసి "ఇట్ల ఎవరో అడుగుతాండారు, ఇయ్యనా?" అని అడిగినాడు చూడండి, అంత మర్యాద మా ఇరవై మూడు మంది ఓనర్లలో నలుగురికి కూడా లేదు.

ఆ రాత్రి ఆ అమ్మాయితో 40 నిమిషాలు మాట్లాడినా. ఓనర్ని ఒక్క తిట్టు తిట్టలేదు. నీళ్ళ దగ్గర మొదలుపెట్టింది. సంపు మోటర్ స్విచ్ ఓనర్ ఇంట్లో ఉంటుందంట, పొద్దున ఒక 20 నిమిషాలు వేస్తాడు, ట్యాంకు సగం నిండుతుంది, అంతే. ఎండాకాలం తుంగభద్ర ఎండిపోయి ఊరంతా సమ్మర్ స్టోరేజ్ ట్యాంకు మీద, గాజులదిన్నె ప్రాజెక్టు నుంచి వదిలే నీళ్ళ మీద బతికే రోజుల్లో అందరికీ కష్టమే, అది ఆమె కూడా ఒప్పుకుంది. కానీ వానాకాలంలో కూడా 20 నిమిషాలే. ఇంటికి చుట్టాలొస్తే కింద నుంచి "ఈరోజు ఎవరో వచ్చినట్లుందే, నీళ్ళు దబదబా అయిపోతాండాయి" అని కేక. బోరు ఉంది గానీ ఉప్పు నీళ్ళు, కొళాయిలకి తెల్లగా పేరుకుంటుంది, పప్పు ఉడకదు. తూర్పు గోడకి చెమ్మ, మంచం ఆ గోడకి ఆనిస్తే పరుపు బూజు పడుతుంది. అన్నీ చెప్పినాక నేను "గోడ బాగానే ఉందే, కొత్త పెయింటు కదా" అన్నా. ఆ అమ్మాయి నవ్వింది. "ఆ పెయింటు నా డబ్బుల్దే అక్కా" అనింది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని అడ్వాన్స్‌లో నెల బాడుగ, 9,000, పట్టుకున్నాడంట.

అంటే ఆమె చెమ్మ మీద ఆమె డబ్బులతోనే సున్నం కొట్టి, దాన్ని చూపించి మా దగ్గర 9,500 అడుగుతాండాడు. మజ్జిగ తాగింది నేను కూడా, మనిషి చెడ్డోడని ఇప్పటికీ అనను. కానీ ఫోన్ పే సిగ్నల్ దొరికి ఉంటే, ఇస్త్రీ బండి ఆ వీధిలో కాకుండా పక్క వీధిలో ఉండి ఉంటే, నెక్స్ట్ పెయింటు మా డబ్బులది.

మా ఆయన దీనికి ఒప్పుకోలేదు, ఆయన వాదన కూడా చెప్పాల కదా. "కోపంతో పోయినోళ్ళు కోపంగానే చెప్తారు, ఒక చేతి చప్పట్లు విని ఇల్లు వదులుకుంటామా?" అన్నాడు. నిజమే, అడ్వాన్స్ దగ్గర గొడవపడి పోయినోళ్ళకి ఆ ఇంటి సింహద్వారం కూడా వంకరగానే కనిపిస్తుంది. అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నా. ఓనర్ ఎట్లాంటోడు అని అడగను, ఆ ప్రశ్నకి వచ్చే జవాబులన్నీ ఉప్పూకారమే. నీళ్ళు ఎన్ని గంటలకి వస్తాయి, మోటర్ స్విచ్ ఎవరింట్లో ఉంది, కరెంటు మీటరు మీకు వేరేనా లేక సబ్ మీటరు పెట్టినారా, వానొస్తే యాడ కారుతుంది, అడ్వాన్స్ ఎన్ని రోజులకి చేతికొచ్చింది. ఇవి అడుగుతా. వీటికి కోపంగా చెప్పినా అవే అంకెలు, సంతోషంగా చెప్పినా అవే అంకెలు. మీటరు సంగతి చిన్నదనుకోవద్దు, రెండు మూడు పోర్షన్లకి ఒకే మీటరుంటే యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి ఎక్కుతాయి, ఫ్యాను రెండు గంటలు తిప్పినోళ్ళు కూడా ఏసీ తిప్పినోళ్ళ రేటు కట్టాలి. మా ఆయన ఇది విని నోట్‌బుక్కులో కొత్త గడి గీసినాడు. ఒప్పుకున్నట్లు నోటితో మాత్రం చెప్పలేదు.

ఓనర్లందరూ రాక్షసులని రాయడం సులభం, అట్ల రాస్తే లైకులు కూడా వస్తాయి. కృష్ణానగర్‌లో ఒక రిటైర్డ్ టీచరమ్మ, భర్త పోయినాడు, పెన్షన్ తర్వాత ఆ పై మిద్దె బాడుగే ఆధారం. ముందున్నోళ్ళు నాలుగు నెలల బాడుగ, 11,000 కరెంటు బిల్లు పెట్టి ఒక రాత్రి సామాన్లు ఎత్తుకుని పోయినారంట. అడ్వాన్స్ ఎందుకు తీసుకోలేదమ్మా అంటే, "చిన్నపిల్ల చేతిలో ఉండె, చూసి జాలిపడి ఒక నెలదే తీసుకుంటి" అనింది. ఆమె ఆ రోజు మమ్మల్ని అరగంట అడిగింది, ఆధార్ కార్డులు అడిగింది, మా ఆయన షోరూంకి ఫోన్ చేసి కనుక్కుంటానంది. నాకు ఒక్క ముక్క కూడా తప్పనిపించలేదు. కనుక్కోండి అమ్మా, మంచిదే. మేం కూడా కనుక్కుంటాం అని మాత్రం అంటాండా. ఆ ఇల్లు మాకు మెట్లు నిటారుగా ఉండి అత్త మోకాళ్ళకి కుదరలేదు, లేకుంటే అదే తీసుకునేవాళ్ళం.

చట్టం లేదా అంటే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 1960లోనే అద్దెల నియంత్రణకి చట్టం వచ్చింది. 2021 జూన్ 2న కేంద్ర కేబినెట్ మోడల్ టెనెన్సీ యాక్ట్‌కి, అంటే బాడుగిండ్ల నమూనా చట్టానికి, ఓకే చెప్పింది, అందులో కాపురం ఉండే ఇండ్లకి రెండు నెలల బాడుగ కంటే ఎక్కువ అడ్వాన్స్ తీసుకోకూడదని, ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలని, గొడవొచ్చినా నీళ్ళు కరెంటు ఆపకూడదని ఉంది. చదివి ఎంత సంతోషపడినానో. తర్వాత అర్థమయ్యింది పేరులోనే ఉంది మోడల్ అని, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అది మన గడప దాటి లోపలికొస్తుంది. బెంగళూరులో పది నెలల అడ్వాన్స్ ఇచ్చొచ్చిన మా తోడికోడలికి మా మూడు నెలలు వింటే నవ్వొస్తుంది, అది వేరే విషయం. కానీ ఎంత మంచి చట్టమైనా గొడవ మొదలయ్యాకే పనికొస్తుంది. 9,000 కోసం కోర్టుకి పోయేవాళ్ళు ఎవరు, ఒక రోజు సెలవు పెడితే నా జీతంలో కోత. గొడవకి ముందు పనికొచ్చేది ఇస్త్రీ బండాయనే.

అసలు ఈ ఊరికి బాడుగోళ్ళు కొత్తా? 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయినప్పుడు ఆఫీసులకి, వచ్చిన ఉద్యోగులకి ఇండ్లు చాలక డేరాలు వేసినారు, ఏ.క్యాంపు, బి.క్యాంపు, సి.క్యాంపు అనే పేర్లు ఆ కాలం నుంచి వచ్చినవే. 1956 నవంబరు 1కి రాజధాని హైదరాబాదుకి పోయింది. అంటే రాజధాని కూడా మూడేండ్లు ఈడ బాడుగకుండి ఖాళీ చేసి పోయిందే. ఎందుకు పోయింది అని అడిగితే మాత్రం మా ల్యాబ్‌కి వచ్చే ముసలాయనలు బీపీ చెకింగ్ మర్చిపోయి గంటసేపు చెప్తారు.

కర్నూల్లో ఇల్లు చూసేవాళ్ళకి ఇంకో ప్రశ్న కూడా ఉండాలి, వేరే ఊర్లో ఎవరూ అడగనిది. 2009లో నీళ్ళు యాడిదాకా వచ్చినాయి? ఆ ఏడు అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊరి మీదికి వచ్చినాయి, పాతబస్తీ మునిగింది. నేను అప్పుడు ఇంటర్ చదువుతాండా, మా సొంతూర్లో ఉన్నా, టీవీలో చూసి మా నాయన అన్నం తినలేదు, ఆయన చెల్లెలు ఆడే ఉండె. పాతబస్తీలో మేం చూసిన 19వ ఇల్లు గ్రౌండ్ ఫ్లోర్, 6,500కే డబల్ బెడ్రూం. ఇంత తక్కువేంది అని నాకు ఒకపక్క ఆశ, ఒకపక్క అనుమానం. "వరద నీళ్ళా? మా వీధికి వాకిలి దాకా కూడా రాలేదమ్మా" అన్నాడు ఓనరు. బయటికొచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చున్న అవ్వని అడిగినా. ఆమె లేచి నిలబడలేదు కూడా, చేతికర్రతో వాళ్ళ గోడ మీద కిటికీ పైన సజ్జకి జానెడు కింద ఒక చోట తట్టింది. "ఈడిదాకా. మా బీరువా తేలింది" అనింది. వీధికి ఇవతల తేలిన బీరువా, అవతల వాకిలి కూడా తడవని ఇల్లు. ఆయనకి ఆ ఇల్లు అప్పుడు లేదేమో, తర్వాత కొన్నాడేమో, అట్లయితే ఆయన కూడా అడక్కుండా కొన్నాడన్నమాట.

ఇంతదాకా రాసి నేనేదో పెద్ద మార్గం కనిపెట్టినట్లు ఉంటే, మా ల్యాబ్‌లో నా పక్క సీట్లో కూర్చునే అమ్మాయి సంగతి కూడా రాయాలి. ఆమె వాళ్ళు కూడా అప్పుడే ఇల్లు వెతుకుతాండిరి. ఆమె ముస్లిం. నేను ఒకరోజు నా ప్రశ్నల లిస్టు ఆమెకి ఉత్సాహంగా వాట్సాప్ చేసినా. మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచినాక ఆమె స్పీకర్ ఆన్ చేసి ఒక టూలెట్ నంబరుకి ఫోన్ చేసింది. "ఉందమ్మా, ఖాళీగానే ఉంది, సాయంత్రం వచ్చి చూసుకోండి, పేరేమ్మా?" పేరు చెప్పింది. "ఒక్క నిమిషం" అని ఏదో గుసగుస, "ఇప్పుడే మా ఆయన చెప్తాండాడు, పొద్దునే ఎవరికో ఇచ్చేసినారంట." ఫోన్ పెట్టేసి అన్నం కలుపుకుంది. నా లిస్టు గురించి ఏం అనలేదు. మోటర్ స్విచ్ ఎవరింట్లో ఉంది అని అడగడానికి ముందు గేటు తెరవాలి కదా. మేం "మీరెవురమ్మా" అనే ప్రశ్నకి విసుక్కున్నాం, నిజమే, కానీ విసుక్కుని జవాబు చెప్పి లోపలికి పోయినాం.

చివరికి దొరికిన ఇల్లు 23వది, బళ్ళారి చౌరస్తా వెనకాల, పై మిద్దె, 8,500. పాత ఇల్లు. బేతంచెర్ల బండల గచ్చు, తుడిస్తే నల్లగా మెరుస్తుంది, ఎండాకాలం మా అత్త మంచం వదిలేసి కిందనే పడుకుంటుంది చూడండి. మేం చూడ్డానికి పోయినప్పుడు ఉన్నవాళ్ళు ఇంకా ఖాళీ చేయలేదు, అట్టపెట్టెల మధ్యలో ఆమె స్టవ్ మాత్రం విప్పకుండా పెట్టుకునింది, మాకు టీ పెట్టింది. ఓనరమ్మ పక్కనే ఉంది. నేను ఎట్ల అడగాలా అని మొహమాట పడతాంటే ఆమె అడక్కుండానే మొదలుపెట్టింది. "బాత్రూం గడియ పడదు, తాడు కట్టుకోవాలి. వంటింట్లో గాలి రాదు, ఎగ్జాస్ట్ ఫ్యాను మేం పెట్టించుకున్నాం, ఇప్పుడు విప్పుకుని పోతాండాం. కొళాయి పొద్దున ఐదుకొస్తుంది, ఎండాకాలంలో రోజు మార్చి రోజు. మోటరు స్విచ్ మెట్ల కింద ఉంది, ఎవరైనా వేసుకోవచ్చు." ఓనరమ్మ మధ్యలో "గడియ పెట్టిస్తాలే" అనింది. "మూడేండ్లుగా అదే చెప్తాండావ్ పిన్నీ" అని ఆమె, ఇద్దరూ నవ్వినారు. మా ఆయన కింద మెట్ల దగ్గరే టోకెన్ ఇచ్చేసినాడు. శ్రావణంలో మంచి రోజు చూసుకుని పాలు పొంగించినాం. గడియ ఇంకా పడలేదు, తాడే.

ఇదంతా అయ్యి రెండు నెలలు. మొన్న ఆదివారం తెలియని నంబరు నుంచి ఫోన్. "అక్కా, నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర ఇంట్లో మీరే కదా ఉండింది? సందు మొదట్లో కిరాణా కొట్టాయన ఇచ్చినాడు నంబరు. ఆ ఇంటికి టూలెట్ బోర్డు పెట్టినారు, చూసొచ్చినాం" అని ఎవరో అమ్మాయి. టూలెట్ బోర్డు. అంటే బెంగళూరు నుంచి చిన్నోడు రాలేదన్నమాట. మా అడ్వాన్స్ 22,500లో ఆయన 13,500 ఇచ్చి, మిగతా 9,000 వారంలో అని చెప్పి రెండు నెలలు, అది కూడా గుర్తొచ్చింది. కోపంతో పోయినోళ్ళు కోపంగానే చెప్తారు అన్న మనిషి ఎదురుగా సోఫాలో కూర్చుని నేను ఏం చెప్తానా అని చెవులు రిక్కించినాడు.

చెప్పినా. నీళ్ళకి ఇబ్బంది లేదు, సంపు పెద్దది, మూడేండ్లల్లో ఒక్క ట్యాంకర్ కూడా తెప్పించలేదు. మీటరు వేరే. పెద్ద వానొస్తే హాల్లో ఫ్యాను పక్కన కారుతుంది, బకెట్ పెట్టుకోవాలి. అడ్వాన్స్ ఎంత ఇస్తే అంత కాగితం మీద రాయించుకో, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో కూడా రాయించుకో. చేరే రోజు గోడలు, మీటరు రీడింగు ఫోటోలు తీసి పెట్టుకో. మా ఆయన ఫరవాలేదు అన్నట్లు తలూపినాడు. ఆ అమ్మాయి అన్నీ విని, ఎక్కడో రాసుకుంటాంది కాబోలు ఒక్కో మాటకి ఊ కొట్టి, చివర్లో కొంచెం ఆగింది. తన పేరు చెప్పింది, వాళ్ళాయన పేరు కూడా చెప్పింది. "అక్కా, మాకిస్తారంటావా?"

మూడేండ్లు ఉన్నా ఆ ఇంట్లో. వాన ఫ్యాను పక్కన ఏ మూల కారుతుందో కళ్ళు మూసుకుని చూపిస్తా. ఈ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు, నాకు అవసరం పడలేదు కాబట్టి. కనుక్కుని చెప్తానమ్మా అని పెట్టేసి, వెంటనే ఓనర్‌కి ఫోన్ చేసినా. ఎత్తలేదు. మళ్ళా చేసినా. కట్ చేసినాడు. మా 9,000 కోసం చేస్తాండానని అనుకున్నట్లున్నాడు.